గుడ్డ కింద ఇద్దరు తల్లులు

మస్తానయ్య ఇంట్లో పొయ్యి ఒకటి, దాని దగ్గర ఆడవాళ్ళు ఇద్దరు. ఒకరు పెళ్ళాం రవణమ్మ. ఇంకొకరు అక్క చెంచమ్మ. వాళ్ళిద్దరికీ ఎక్కడ చెడుతుందోనని మస్తానయ్యకు దిగులు.

చెంచమ్మ అతనికి పేరుకు అక్క. తల్లి పోయేనాటికి అతనికి నడక కూడా సరిగా రాదు. చంకన వేసుకుని తిరిగి, సంగటి మెత్తగా పిసికి తినిపించి, మనిషిని చేసింది ఆమె. ఆమె పెనిమిటి పోయాక, పిల్లలు లేని మనిషి ఒక్కతే ఎందుకని, మస్తానయ్యే వెళ్ళి మూటతో సహా తీసుకొచ్చాడు.

"రవణా, అక్క ఇంక మన దగ్గరే ఉంటది."

"ఉండనీ. నాకూ ఒక తోడు" అంది రవణమ్మ.

ఆ మాట ఆమె మనసులోనుంచే అంది. మస్తానయ్య మాత్రం ఆమె మొహం వైపు ఇంకాసేపు చూశాడు, మాట వెనక ఇంకో మాట ఉందేమోనని.

అతనిది మైకా పని. గూడూరు అవతల గనుల్లోంచి తీసిన మైకాను షెడ్డులో కూర్చుని చిన్న కత్తితో పొరలుగా చీల్చాలి. ఉల్లిపొర లాంటి రేకులు వస్తాయి, అవతల చెయ్యి పెడితే ఇవతలికి కనబడుతుంది. మా వైపు దాన్ని కాకిబంగారం అంటారు. మధ్యలో నీళ్ళు తాగడానికి వదిలితే మిగతావాళ్ళు చెట్టు కింద కూర్చునేవాళ్ళు. మస్తానయ్య ఇంటికి పరిగెత్తేవాడు. చెప్పులు చప్పుడు కాకుండా వదిలి, తలుపు పక్కన నిలబడి వినేవాడు.

లోపల ఇద్దరూ ఏదో చెప్పుకుంటూ ఉండేవాళ్ళు. అతని నీడ గడప మీద పడగానే ఆపేసేవాళ్ళు.

"ఏంది, నన్ను చూసి ఆపేశారు?"

"ఏముందయ్యా. ఎదురింటి మేక మన బీరపాదు మేసిందని చెప్పుకుంటా ఉండాం."

మేక మాట అతను నమ్మేవాడు కాదు. రవణమ్మను పెరట్లోకి పిలిచేవాడు.

"నిజం చెప్పు. అక్క నిన్నేమన్నా అనిందా?"

"లేదు."

"నిజంగా లేదా?"

"లేదంటి గదా."

"మరి మొహం అట్టా పెట్టావే?"

ఆ తర్వాత అక్కను వీధి అరుగు మీదికి పిలిచి, అవే మాటలు అదే వరసలో అడిగేవాడు. అడిగి, కొంచెం కుదుటపడి, మళ్ళీ షెడ్డుకు పోయేవాడు. అతను పోయాక ఆ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు. పెరట్లో ఈమెను ఏమడిగాడో ఆమెకు తెలియదు. అరుగు మీద ఆమె ఏం చెప్పిందో ఈమెకు తెలియదు.

అన్నం దగ్గర ఇంకో తంతు. పులుసు నోట్లో పెట్టుకుని, మింగకముందే, "ఈ పూట ఎవరు చేశారు?" అనేవాడు. అడిగేది మంచికే. నిన్న ఒకరిని మెచ్చుకుంటే ఇవాళ ఇంకొకరిని మెచ్చుకోవాలి, ఒకరికి ఎక్కువా ఒకరికి తక్కువా కాకూడదు, అదీ అతని ఆలోచన. తూకం వేసినట్టు మాట్లాడేవాడు. చెంచమ్మ పులుసులో మామిడికాయ ముక్క వేస్తుంది. రవణమ్మ వెయ్యదు. "ముక్క ఉంటే ఒక రుచి, లేకపోతే ఒక రుచి" అనేవాడు. ఆ ఇద్దరూ గరిటె పట్టుకుని అతని నోటి వైపే చూస్తూ నిలబడేవాళ్ళు. కొత్తలో నవ్వుకున్నారు. పోను పోను నవ్వడం మానేశారు.

మస్తానయ్యకు ఇంకొక సరదా ఉంది. చీమలను పెంచడం.

కొందరు చిలకను పెంచుతారు, కొందరు పావురాలను. చీమను పెంచేవాణ్ణి నేనూ ఇతని సంగతి వినేదాకా ఎరగను. షెడ్డులో పగిలిన రేకులు బయట పారేస్తారు. అవి తెచ్చుకుని చీమలకు ఇల్లు కట్టేవాడు. బంకమట్టితో చిన్న చిన్న గదులు, గదికీ గదికీ మధ్య దారులు చేసి, ఆరాక పైన మైకా రేకు పరిచి అంచులు మూసేవాడు. పైనుంచి చూస్తే లోపలి సంసారమంతా కనబడుతుంది. ఒక పక్క గింజంత బొక్క. ఆ బొక్కలోంచి బయటికొస్తే మట్టి మూకుడు, మూకుడులో బెల్లం నీళ్ళ చుక్క, ఒక చచ్చిన ఈగ. చీమలు పట్టకుండా మనం పాలగిన్నెను నీళ్ళ పళ్ళెంలో పెడతాం కదా, అట్లాగే చీమలు పోకుండా ఇతను మొత్తాన్నీ నీళ్ళ పళ్ళెంలో పెట్టేవాడు. లోపలివాటికి వెలుగు గిట్టదు. అందుకని ఇంటి మీద మందపాటి గుడ్డ ఒకటి కప్పేవాడు.

మునుపు అతను పెంచిన గండుచీమల్లో రాణి ఒక్కతే. రాణి అని పేరు పెట్టింది మనం. ఆమె ఎవరికీ ఏ ఆజ్ఞా వెయ్యదు. గుడ్లు పెడుతుంది. తక్కినవి నోటికి అందిస్తాయి, ఒళ్ళు తుడుస్తాయి. అంతే ఆ రాజ్యం. ఒకసారి వానలప్పుడు ఇంకో రాణి దొరికితే తెచ్చి అందులో వదిలాడు. ఇంటి చీమలు దాన్ని కాళ్ళు పట్టి ఈడ్చి చంపేశాయి. ఆ రోజు అతను అన్నం సరిగా తినలేదు. ఒక ఇంట్లో ఒకతే ఉండాలనే మాట అప్పటినుంచి అతని మనసులో కూర్చుంది.

అట్లాంటివాడు ఒకరోజు షెడ్డు వెనక పుచ్చిపోయిన దూలం ఒకటి పగలగొట్టాడు. లోపల నల్లటి సన్న చీమల గూడు. ఆ గూట్లో తల్లి చీమలు ఒకటి కాదు, నాలుగైదున్నాయి. పక్కపక్కనే ఉన్నాయి. మధ్యలో గుడ్ల కుప్ప. ఏ గుడ్డు ఎవరిదో చెప్పలేం. చిన్న చీమలు ఈ తల్లికి పెట్టి ఆ తల్లి దగ్గరకు పోతున్నాయి, ఆ తల్లిని తుడిచి ఈ తల్లి దగ్గరకు వస్తున్నాయి. మస్తానయ్య అక్కడే గొంతుక్కూర్చుండిపోయాడు.

కత్తి పక్కన పెట్టి పెంచలయ్య వచ్చి చూశాడు. షెడ్డులో మస్తానయ్య పక్కన కూర్చునేది అతనే, వరసకు బావమరిది కూడాను.

"ఏంది బావా, చీమలింట్లో కూడా పంచాయితీ పెట్టేదానికొచ్చావా?"

"చూడరా. ఇంతమంది తల్లులు ఒక గదిలో ఎట్టుండారో!"

"పులుసెవరు చేశారని అడిగే మొగుడు లేడుగా. అందుకుండారు."

షెడ్డంతా నవ్వింది. మస్తానయ్యకు నవ్వు రాలేదు. ఇద్దరు తల్లులను, గుప్పెడు చీమలను, కొన్ని గుడ్లనూ నూకల్లాంటి వాటి పిల్లలనూ జాగ్రత్తగా కొబ్బరిచిప్పలోకి ఎత్తుకుని ఇంటికి తెచ్చాడు. కొత్త మైకా ఇల్లు కట్టి అందులో పెట్టాడు. వీళ్ళు పోట్లాడుకోకుండా ఎట్లా ఉంటారో, ఆ కిటుకు తెలిస్తే తన ఇంట్లోనూ పెట్టుకోవచ్చునని అతని ఆశ.

కిటుకు కోసం చూడాలి. చూడాలంటే గుడ్డ ఎత్తాలి. పొద్దున లేచి ఎత్తేవాడు. షెడ్డుకు పోబోతూ ఎత్తేవాడు. నీళ్ళ వేళకు ఇంటికొచ్చి, ఆడవాళ్ళను అడగాల్సింది అడిగి, పోతూ పోతూ ఎత్తేవాడు.

మొదట్లో గుడ్లు బాగానే ఉన్నాయి. తర్వాత తగ్గాయి. గుడ్డ ఎత్తినప్పుడల్లా చీమలు గుడ్లు నోట కరుచుకుని ఈ గదిలోంచి ఆ గదిలోకి పరిగెత్తేవి. ఒకనాడు చిన్న తల్లి నోటి దగ్గర గుడ్డు కనబడింది. చూస్తుండగానే తినేసింది. తర్వాత ఇంకోనాడు పెద్ద తల్లి తినడం కూడా చూశాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే చెంచమ్మ మూట కట్టింది.

"నేను మా ఆడబిడ్డ కూతురి దగ్గరికి పోతానబ్బయా. కొన్నాళ్ళు ఆడుంటా."

"ఎందుకక్కా? ఏం జరిగింది?"

"ఏం జరగలా."

రవణమ్మ పొయ్యి దగ్గరినుంచి లేచి వచ్చింది. "ఆమె పోతే నేనే తరిమానని ఊరంతా అంటది. ఆమెను ఉండనీ. నేను మా అమ్మగారింటికి పోతా."

"నువ్వెందుకు పోవడం? ఏం జరిగిందే?"

"ఏం జరగలేదయ్యా."

ఇద్దరూ ఒకటే మాట చెప్పారు. మస్తానయ్యకు ఒకరి మాటా నమ్మబుద్ధి కాలేదు. ఇద్దరిలో ఒకరు పోవడం మాత్రం ఖాయమని తేలింది. శుక్రవారం దాకా ఆగమని ఇద్దరినీ బతిమాలుకుని, చీమల ఇల్లు పళ్ళెంతో సహా ఎత్తుకుని గురువు దగ్గరకు బయల్దేరాడు.

గురువు పేరు ఇమాం షా. ఊరి చివర తాటితోపులో ఆయన తకియా. తకియా అంటే పెద్ద కట్టడం కాదు. ఒక గుడిసె, నీళ్ళ కుండ, ఆకుపచ్చ గుడ్డ కప్పిన ఒక సమాధి. ఆ సమాధి ఆయన గురువుది. సాయిబులూ వచ్చేవాళ్ళు, హిందువులూ వచ్చేవాళ్ళు. అందరికీ ఆయన తాతే. మాట తక్కువ మనిషి. చేతిలో ఎప్పుడూ ఒక బొంత ఉండేది. ఎవరెవరో ఇచ్చిన పాత గుడ్డ ముక్కలు చేర్చి కుడుతూనే ఉండేవాడు. కుట్టడం అయిపోగానే చలికి వణికేవాడెవడికో ఇచ్చేసి ఇంకొకటి మొదలుపెట్టేవాడు. మస్తానయ్య పెళ్ళి కాకముందునుంచి ఆయన దగ్గరికి వస్తున్నాడు. మనసు నిలిపి కూర్చోవడం, దేవుడి పేరు తలుచుకోవడం ఆయనే నేర్పాడు.

"తాతా, ఒక తీర్పు చెప్పాల."

"చెప్పు."

"ఒకటి కాదు, రెండు."

తాత సూది ఆపలేదు.

"ఇందులో తల్లులు ఇద్దరుండారు. గుడ్లు తినేస్తా ఉండారు. ఒకదాన్ని తీసెయ్యాల. ఇంటికాడా అంతే తాతా. అక్క పోతానంటది, రవణమ్మ పోతానంటది. ఎవరుండాల, ఎవరు పోవాల, మీ నోటితో చెప్పండి. చెప్పినట్టు చేస్తా. నా నోటితో నేను చెప్పలేను." చీమల పళ్ళెం తాత ముందుకు జరిపాడు. "అక్కను పొమ్మంటే నన్ను నేను పొమ్మన్నట్టే. రవణమ్మను పొమ్మంటే ఇంక ఆ ఇంట్లో నాకేం పని?"

తాత కాసేపు కుట్టాడు.

"గుడ్లు ఎవరు తినింది?"

"ముందు చిన్నది. నా కళ్ళారా చూశా. తర్వాత పెద్దది కూడా."

"ఎప్పుడు చూశావు?"

"గుడ్డ ఎత్తినప్పుడు."

"ఎత్తనప్పుడు?"

అంత దిగులులోనూ మస్తానయ్యకు నవ్వొచ్చింది. "ఎత్తనప్పుడు ఎట్టా కనబడద్ది తాతా?"

తాత ఊ అన్నాడు. పళ్ళతో దారం కొరికి ముడి వేశాడు. చేతిలో ఉన్న బొంతను చీమల ఇంటి చుట్టూ చుట్టి, తాటినారతో కట్టాడు. బొక్కా మూకుడూ ఉన్న వైపు మాత్రం బయటికి వదిలాడు. గుడిసె లోపల మూలనున్న గూట్లో పెట్టి వచ్చాడు.

"అది ఈడ ఉంటది. నువ్వూ ఈడే ఉండు. నేను చెప్పిందాకా ఇంటికి పోబాక."

"ఇంటికాడ ఏమైద్దో తాతా!"

"కబురు పంపుతాలే."

తాటిచెట్టు దిగుతున్న గీతకార్మికుణ్ణి కేకేసి కబురు చెప్పి పంపాడు. షెడ్డుకు కూడా అతనే చెప్తానన్నాడు.

మస్తానయ్యకు దిగులు మధ్యలో చిన్న గర్వం కలిగింది. తాత ఎవరినీ తకియాలో ఉంచుకోడు. తన మీద ఎంత మనసు ఉంటే ఉండమన్నాడో అనుకున్నాడు. తీర్పు బాగా ఆలోచించి చెప్తాడనుకున్నాడు.

తాటినార ఇచ్చి తాడు పేనమన్నాడు తాత. మస్తానయ్య పేనుతూ కూర్చున్నాడు. కాసేపటికి తాత వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. అతని చేతుల వైపు చూడలేదు, మొహంలోకి చూశాడు.

"బాగుండావా?"

"బాగుండా తాతా."

"నా మీద ఏమన్నా కోపమా?"

మస్తానయ్య ఆశ్చర్యపోయాడు. "మీ మీద నాకు కోపమేంది తాతా?"

"నిజంగా లేదా?"

"లేదు."

తాత లేచిపోయాడు. తాడు రెండు మూరలు సాగిందో లేదో మళ్ళీ వచ్చాడు. మళ్ళీ అదే అడిగాడు. పెద్దవాడు, ప్రేమ కొద్దీ అడుగుతున్నాడని మస్తానయ్య మురిసిపోయాడు.

మధ్యాహ్నం సంగటీ గోంగూర పచ్చడీ పెట్టాడు. మస్తానయ్య ముద్ద చేసుకోగానే తాత మోకాళ్ళ మీద వంగి, మొహం మొహానికి ఆనేంత దగ్గరగా వచ్చాడు. ముద్ద నోట్లోకి పోవడం చూశాడు. నమలడం చూశాడు. మింగేటప్పుడు గొంతు కదలడం చూశాడు.

"ఎట్టుండాది?"

"బాగుండాది తాతా."

"పోయినసారి పెట్టిన దానికంటే బాగుండాదా?"

పోయినసారి ఏం పెట్టారో మస్తానయ్యకు గుర్తు రాలేదు. "రెండూ బాగుండాయి" అన్నాడు.

"మరి మొహం అట్టా పెట్టావే?"

ముద్ద ఎక్కడో అడ్డం పడింది. మస్తానయ్య నీళ్ళు తాగాడు. ఆ మాట ఎక్కడో విన్నట్టు అనిపించింది గాని, ఎక్కడో తోచలేదు.

తిన్నాక తాటాకుల నీడన తుండుగుడ్డ మొహాన వేసుకుని పడుకున్నాడు. కళ్ళు మూతలు పడబోతుండగా తుండు లేచింది. పైన తాత మొహం, తెల్ల గడ్డం.

"నిద్ర పట్టిందా?"

"పడతా ఉండాది తాతా."

"పట్టనీ." తుండు మళ్ళీ కప్పాడు. మళ్ళీ కాసేపటికి ఎత్తాడు. "పట్టిందా?"

ఆ పగలు నిద్ర లేదు. ఆ మర్నాడూ అంతే. కళ్ళు మూసుకుని, మనసు నిలిపి, పేరు తలుచుకుంటూ కూర్చుంటే తాత మోకాలి పక్కన చేరేవాడు. "కుదిరిందా?" అనేవాడు. కుదిరేది కుదరకుండా పోయేది. అప్పుడు "ఎందుకు కుదరలా?" అనేవాడు. తాడు పేనబోతే పురి తప్పేది. ఎటు తిరిగినా ఆయన కళ్ళే. ఆ కళ్ళలో కోపం లేదు, ఎగతాళి లేదు. అదే పెద్ద చిక్కయింది మస్తానయ్యకు. మంచి మనసుతో చూసేవాణ్ణి ఏమనగలం?

అట్లా ఇంకో పొద్దు గడిచింది. సంగటి ముందు కూర్చున్నాడు. తాత వచ్చి మొహంలోకి వంగాడు.

"నిజం చెప్పు. నా మీద కోపమా?"

"లేదు."

"నిజంగా లేదా?"

"లేదంటి గదా!"

"మరి మొహం..."

"చూడబాకండి తాతా!"

ముద్ద పళ్ళెంలో పడింది. తోపులో పిట్ట లేచిపోయింది. "మీరట్టా చూస్తా ఉంటే ముద్ద దిగడంలా, కన్ను మూతపడడంలా! నాకు ఏ కోపమూ లేదు మొర్రో అంటే, అడిగి అడిగి తెప్పిస్తిరి గదా!"

అని, తన నోట వచ్చిన మాటకు తానే బిగుసుకుపోయాడు. గురువు మీద అతను ఎన్నడూ గొంతెత్తినవాడు కాదు.

తాత మెల్లగా వెనక్కి జరిగి కూర్చున్నాడు. మస్తానయ్య తల వంచుకునే ఉన్నాడు. చాలాసేపటికి పళ్ళెం వైపు చూసి, పడిన ముద్దే తీసి నోట్లో పెట్టుకున్నాడు. అది దిగింది. ఇంకొకటి పెట్టుకున్నాడు. తాత తోపు వైపు చూస్తున్నాడు.

పళ్ళెం కడిగి వచ్చేసరికి తాత ఒళ్ళో చీమల ఇల్లుంది. బొంత చుట్టినట్టే ఉంది, నార కట్టినట్టే ఉంది.

"తీసి చూద్దామా?" అన్నాడు తాత.

మస్తానయ్య చెయ్యి ముడి మీదికి పోయింది. ఇన్నాళ్ళుగా చూడలేదు. ఉన్నారో లేదో ఇద్దరూ. గుడ్లున్నాయో లేదో. వేలు నార కిందికి దూర్చాడు.

ఆ వేళకు బొక్కలోంచి ఒక చీమ బయటికొచ్చింది. తక్కినవాటిలా నల్లగా లేదు. నానిన చింతగింజ పొట్టు రంగులో, మొన్న మొన్నే పుట్టినట్టు లేతగా ఉంది. కాళ్ళు ఇంకా నేర్చుకుంటున్నట్టు అడుగు తీసి అడుగు వేస్తూ మూకుడు అంచు దాకా వచ్చి, బెల్లం నీళ్ళలో మూతి పెట్టింది.

మస్తానయ్య దాన్ని చూశాడు. చెయ్యి ముడి మీదనుంచి దానంతటదే వెనక్కొచ్చింది.

"ఇంటికి పోయొస్తా తాతా."

"బొంత కూడా తీసుకో."

సగం దారి వచ్చాక అతనికి గుర్తొచ్చింది, తీర్పు అడగలేదని. వెనక్కి తిరగలేదు.

ఇంటి వీధి మలుపు తిరగగానే లోపలినుంచి గొంతులు వినబడ్డాయి. అక్కదీ రవణమ్మదీ. పెద్దగానే ఉన్నాయి. ఏదో సత్తు గిన్నె నేల మీద పడి దొర్లింది. చెంచమ్మ కట్టుకున్న మూట గుమ్మం పక్కనే ఉంది, విప్పలేదు. మస్తానయ్య కాలు గడప వైపు సాగింది. ఎప్పటిలా చెప్పులు మెల్లగా వదలబోయాడు. ఆగి, రెండు చెప్పులూ టపటప కొట్టి దుమ్ము దులిపాడు. గట్టిగా దగ్గాడు. దగ్గి, లోపలికి పోలేదు. చీమల ఇంటిని పక్కన పెట్టుకుని వీధి అరుగు మీద కూర్చున్నాడు.

లోపలి మాటలు ఆగాయి. వచ్చింది అతనేనని తెలిసింది వాళ్ళకు. పిలిచి అడుగుతాడని చూశారు కాబోలు. ఎవరినీ పిలవలేదు. కాసేపటికి మాటలు మళ్ళీ మొదలయ్యాయి. కొట్లాటో, మేక సంగతో, అరుగు మీదికి తెలియలేదు. అతను ఎదురింటి మేకను చూస్తూ కూర్చున్నాడు. అది నిజంగానే బీరపాదు దగ్గర తిరుగుతోంది.

"రాయ్యా, అన్నం తిందువు" అని రవణమ్మ పిలిచింది.

పీట వేశారు. ఒకరు అన్నం పెట్టారు, ఒకరు పులుసు పోశారు. మస్తానయ్య కలుపుకుని నోట్లో పెట్టుకున్నాడు. గరిటె పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగింది. రెండో ఆమె గోడకు ఆనుకుని నిలబడింది. ఇద్దరూ అతని నోటి వైపు చూస్తున్నారు.

అతను మింగాడు. ఇంకో ముద్ద కలుపుకున్నాడు. పులుసులో మామిడికాయ ముక్క తగిలింది, దాన్నీ చీకాడు. పళ్ళెం ఖాళీ అయింది.

"ఇంకాస్త పెట్టండి."

చెంచమ్మ రవణమ్మను చూసింది. రవణమ్మ చెంచమ్మను చూసింది.

"ఏమయ్యా, అడగవా?" అంది రవణమ్మ.

"ఏమని?"

"ఎవరు చేశారని."

"పెట్టమన్నా గదే. ఆకలైతా ఉండాది."

చెంచమ్మకు ఉన్నట్టుండి నవ్వు ముంచుకొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వెంబడి కూలబడింది. "తాత ఏం మందు పెట్టాడే వీడికి!" అంది. రవణమ్మ గరిటె కింద పడేసి ఆమె పక్కనే కూలబడింది. నవ్వలేక నవ్వలేక ఒకరి భుజం ఒకరు పట్టుకున్నారు. మస్తానయ్యకు నవ్వెందుకో తెలియలేదు. ఆ మాటా అడగలేదు. పులుసు గిన్నె తానే దగ్గరికి లాక్కున్నాడు.

మర్నాడు షెడ్డుకు పోతూ చూశాడు. మూట కట్టిన దుప్పటి ఉతికి దండెం మీద ఆరేసి ఉంది. దాని కిందినుంచి వంగి, వీధిలోకి వెళ్ళాడు. నీళ్ళ వేళకు పెంచలయ్య పక్కన చెట్టు కింద కూర్చున్నాడు.

"ఏంది బావా, ఇంటికి పోలేదే?"

"పొద్దున్నే గదరా వచ్చింది."

చీమల ఇల్లు ఇప్పుడు అతని ఇంటి గూట్లో ఉంది. పొద్దునా సాయంత్రం మూకుడులో చుక్క బెల్లం నీళ్ళు వేసేవాడు, పళ్ళెంలో నీళ్ళు తగ్గితే పోసేవాడు. బొంత కట్టు విప్పలేదు. మూకుడు దగ్గరికి వచ్చే చీమలు నల్లవి వచ్చేవి, లేత రంగువి వచ్చేవి.

కొన్ని శుక్రవారాలు గడిచాక తకియాకు పోయినప్పుడు తాత అడిగాడు.

"చీమలు ఎట్టుండాయి?"

"తెలీదు తాతా."

"తల్లులు ఇద్దరూ ఉండారా?"

"తెలీదు తాతా."

తాత ఒళ్ళో కొత్త బొంత. సూదిలోకి దారం ఎక్కించడానికి ఒక కన్ను మూసి, వెలుగుకు పట్టి చూస్తున్నాడు.

"ఇంటికాడ?"

మస్తానయ్య కింద పడిన గుడ్డ ముక్క తీసి తాతకు అందించాడు.

"పులుసు బాగుంటా ఉండాది."

దారం సూదిలోకి ఎక్కింది. తాత కుట్టడం మొదలుపెట్టాడు.